నిద్రవేళ ఉతుకుడు వద్దు

ఈ ప్రాంత పల్లెల్లో రాత్రి పదకొండు దాటాకే వాషింగ్ మెషీన్లు తిరుగుతున్నాయి. 230 వోల్టులు ఉండవలసిన కరెంటు సాయంత్రాలు పడిపోయి మోటారు మూలుగుతుంటే గృహిణులు మాత్రం ఏం చేస్తారు? అయినా మెషీన్ వేసి నిద్రపోవడం ప్రమాదకరం. నీళ్లు కాచే రకమైతే హీటరే సుమారు 2,000 వాట్లు లాగుతుంది. పాత వైరింగులో ప్లగ్గు కాలినా, పైపు ఊడినా చూసేవారుండరు. కొన్ని ఇళ్లలో మూడో పిన్నుకు ఎర్తింగే లేదు. ఉన్నచోట ఎండాకాలం ఆ గోతిలో నీళ్లు పోసేవారు లేరు. తెల్లవారి తడిచేతులతో మెషీన్ ముట్టుకునేది ఇల్లాలే. ఎర్తింగు వేయించుకోవడం, మెలకువగా ఉన్నప్పుడే ఉతకడం మన బాధ్యత. వోల్టేజి సరిచేయడం, అవసరమైనచోట అదనపు ట్రాన్స్‌ఫార్మర్ వేయడం విద్యుత్ అధికారుల బాధ్యత. వారు ఇకనైనా మేల్కొంటారా?