పట్టు లేని కరాటే

కరాటే అనగానే మనలో చాలామందికి తెల్లబట్టలు, రంగురంగుల బెల్టులు, వరసగా నిలబడి గాలిలో విసిరే గుద్దులు, చేత్తో పగలగొట్టే పెంకులు గుర్తుకొస్తాయి. మన వార్షికోత్సవం స్టేజీ మీదా అవే చూస్తాం, చప్పట్లూ కొడతాం. అందులో తప్పేం లేదు. కానీ ఈ విద్య పెరిగిన ఒకినావా దీవిలో గుద్దుతో పాటు పట్టు కూడా ఉండేది. చెయ్యి పట్టడం, విడిపించుకోవడం, మెడ వంచడం, కాలడ్డం పెట్టి పడగొట్టడం అన్నీ ఉండేవి. మనకు నేర్పుతున్న కరాటేలో అది దాదాపు లేకుండా పోయింది. అది మళ్ళీ రావాలన్నది మా వాదన.

ముందు ఆ దీవి సంగతి. జపాన్‌కు దక్షిణాన, తైవాన్ వైపుగా ఉన్న ఒకినావా ఒకప్పుడు ర్యూక్యూ రాజ్యం. 1609లో జపాన్‌లోని సత్సుమా ప్రభువులు దాన్ని లొంగదీసుకున్నారు. 1879లో జపాన్ ప్రభుత్వం రాజరికాన్ని తీసేసి తన జిల్లాగా కలుపుకుంది. ఆయుధాలు లాక్కున్న సమురాయిల మీద నిరుపేద రైతులు ఉత్త చేతులతో తిరగబడితే కరాటే పుట్టిందని కోచింగుల్లో ఒక కథ చెబుతుంటారు. మనలాంటి వాళ్ళకు వినడానికి ఎంతో బాగుంటుంది. మాక్కూడా ఆ కథంటే ఇష్టమే. కాకపోతే పేర్లు తెలిసిన పాత గురువుల్లో ఎక్కువమంది షురి రాజాస్థానం చుట్టూ ఉన్న పెద్ద కుటుంబాల వాళ్ళు. చైనా వెళ్ళి వచ్చినవాళ్ళు, కొలువుల్లో ఉన్నవాళ్ళు. ఆ దీవిలో నిజంగా సామాన్యుల పిల్లలందరి సొత్తు అనదగ్గది వేరే ఉంది. దాని పేరు తెగుమి.

తెగుమి అంటే పిల్లల పెనుగులాట. దానికి బరి లేదు, ప్రత్యేకమైన బట్టలు లేవు, గురువు లేడు. ఎక్కడ ఖాళీ జాగా ఉంటే అక్కడే. షోటోకాన్ కరాటేకు ఆద్యుడైన ఫునకోషి గిచిన్ (1868-1957) తన ఆత్మకథలో చిన్నప్పుడు ఆడిన ఈ ఆట గురించి రాశారు. గుద్దకూడదు, తన్నకూడదు. ఒకరినొకరు తోసుకుంటూ మొదలుపెట్టి పట్టుల్లోకి దిగాలి. ఓర్చుకోలేనివాడు అవతలివాడి ఒంటి మీద తడితే చాలు, ఆట ఆగిపోవాలి. బలమైన పిల్లవాడైతే ఒక్కడే ఇద్దరితో, ముగ్గురితో తలపడేవాడు. కరాటే ఇందులోంచే పుట్టిందని ఆయన ఖాయంగా అనలేదు గానీ, తన ఒంటికి బలం ఇక్కడినుంచే వచ్చిందన్నారు.

ఖాయంగా కాకపోయినా గట్టిగా అన్నవారు నగమినే షోషిన్ (1907-1997). పోలీసు ఉద్యోగం చేసి, తర్వాత మత్సుబయాషి-ర్యూ అనే శాఖను స్థాపించిన గురువు. 1986లో ఆయన ఒకినావా మేటి వీరుల కథలను పుస్తకంగా తెచ్చారు. అందులో కరాటే గురువులతో పాటు ఒకినావా సుమో మల్లులకూ చోటిచ్చారు. రెంటినీ ఒకే అట్ట కింద పెట్టడమే ఒక వాదన అని మాకనిపిస్తుంది. మాటలోనూ ఒక ఆధారముంది. కరాటేలో ఇద్దరు తలపడటాన్ని కుమితే అంటారు. తెగుమి రాసే రెండు అక్షరాలనే తిరగేసి రాస్తే కుమితే. ‘తె’ అంటే చెయ్యి, ‘కుమి’ అంటే కలబడటం. ఒకినావా సుమో కూడా జపాన్ సుమోలా గిరి దాటించే ఆట కాదు. మొదలే ఒకరి నడికట్టు ఒకరు పట్టుకుంటారు, వీపు నేలకు ఆనిస్తే గెలుపు. మన కుస్తీలో చిత్తు చేయడం లాంటిదే.

మరి పట్టు ఎక్కడ జారిపోయింది? బడిలో అనే మా సమాధానం. 1901లో ఇతోసు అంకో అనే గురువు షురిలోని ప్రాథమిక పాఠశాలలో కరాటేను ప్రవేశపెట్టారు. చిన్నపిల్లలకు వీలుగా పినాన్ అనే అయిదు కటాలు కూర్చారు. ఒక మాస్టారు, ఎదురుగా వరసల్లో పిల్లలు. అంతమందిని ఒక్కసారి కదిలించాలంటే డ్రిల్లు తప్ప మార్గం లేదు. ఆయన చేసింది గొప్ప పనే, దానివల్లే ఈ విద్య బతికింది. ఆ పెద్దమనిషికి లోపలి సంగతీ తెలుసు. 1908లో అధికారులకు రాసిన పది అంశాల లేఖలో, పట్టుకునే, విడిపించుకునే పద్ధతులు ఇందులో ఉన్నాయనీ, అవి చాలావరకు నోటిమాటగా అందేవనీ ఆయనే రాశారు. నోటిమాట వరసలో చివరన నిలబడ్డవాడి దాకా ఎప్పుడూ రాదు కదా! పైగా 1945 యుద్ధంలో ఆ దీవి ప్రజల్లో సుమారు నాలుగో వంతు చనిపోయారు. నోటిమాటలు తెలిసిన ఎందరు పెద్దలు అందులో పోయారో ఊహించుకోవచ్చు.

జపాన్‌లో అప్పటికే జూడో ఉంది. పడగొట్టడం జూడో పని, గుద్దడం కరాటే పని అని పంచుకున్నట్టయింది. ఫునకోషి 1935 నాటి పుస్తకంలో తొమ్మిది రకాల పడగొట్టే విద్యలున్నాయి. ఒకదానికి బొంగరం పేరు, ఇంకోదానికి నిలబెట్టిన తెరను తోసి పడేయడమనే పేరు. ఇవాళ షోటోకాన్ బెల్టులు కట్టుకున్న ఎందరికి ఆ పేర్లు చెప్పారు? 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో కరాటే చూసినవారికి తెలుసు, ఇద్దరూ పట్టుకుని ఉండిపోతే రిఫరీ వచ్చి విడదీస్తాడు.

కానీ కటా మాత్రం మరిచిపోలేదు. గుద్దిన ప్రతిసారీ రెండో చేతిని నడుము దగ్గరికి లాక్కోమంటారు. దాని పేరు హికితే, అంటే లాగే చెయ్యి. ఎందుకు సార్ అని అడిగితే బలం కోసం అంటారు. ఖాళీ చేతిని నడుము దగ్గర దాచుకుంటే మొహానికి కాపలా ఎవరు? ఆ చేతిలో అవతలివాడి మణికట్టో చొక్కానో ఉందనుకుని మళ్ళీ చేసి చూడండి. కదలిక మొత్తానికి అర్థం వస్తుంది. గోజు-ర్యూ శాఖలో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చేతులు ఆనించి తోసుకుంటూ పట్టు వెతుక్కునే కాకియే అనే సాధన ఇప్పటికీ ఉంది.

ఇదంతా పాత సంగతుల మీద మోజుతో రాయడం లేదు. సర్కారు బడుల్లో, హాస్టళ్ళలో ఆడపిల్లలకు ఆత్మరక్షణ పేరుతో కరాటే నేర్పుతున్నారు. బస్టాండులోనో, సందు మలుపులోనో మన చెల్లెలికి ఎదురయ్యే ప్రమాదం రెండడుగుల దూరంలో నిలబడి ‘కియాయ్’ అని అరవదు. చెయ్యి పట్టుకుంటుంది, చున్నీ లాగుతుంది, వెనుకనుంచి నోరు మూస్తుంది. అప్పుడు గాలిలో కొట్టిన వెయ్యి గుద్దుల కంటే మణికట్టు విడిపించుకోవడం పదిసార్లు సాధన చేసి ఉండటమే అక్కరకొస్తుంది. ఆ విద్య కటాలో ఉండగానే దాన్ని వదిలేసి పెంకులు పగలగొట్టించడం మాకు నచ్చలేదు.

దెబ్బలు తగులుతాయి, పరుపులు లేవు అని మాస్టర్లు అంటారు. సిమెంటు నేల మీద పడగొట్టమని మేమూ అనం. నిలబడే పట్టుకోవడం, నిలబడే విడిపించుకోవడం, తడితే వెంటనే వదిలేయడం, వీటికి పరుపులు అక్కర్లేదు. అబ్బాయిలు అబ్బాయిలతో, అమ్మాయిలు అమ్మాయిలతో జతలు కట్టి, క్లాసు చివరి ఇరవై నిమిషాలు చేస్తే చాలు. అమ్మాయిల క్లాసుకు మేడమ్‌నే పెట్టాలని వార్డెన్ గారిని అడగాలి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, వచ్చే బెల్టు పరీక్షకు ఫీజు కట్టేటప్పుడు మాస్టారిని మర్యాదగానే అడగండి: ఈ కటాలో వెనక్కి లాగిన నా చేతిలో ఏముంది సార్?