కారు స్టార్టు చేసేటప్పుడు క్లచ్చి తొక్కాలా?

మా బడి ఎదుట అద్దె కార్లు నిలుస్తాయి. ఆ మధ్య అక్కడ ఇద్దరు డ్రైవర్లు వాదులాడుకుంటున్నారు. "క్లచ్చి తొక్కనిదే తాళం తిప్పకూడదు" అంటాడు పెద్దాయన. "న్యూట్రల్‌లో ఉంటే తొక్కేదెందుకన్నా?" అంటాడు చిన్నవాడు. సైన్సు అయ్యవారిని కదా, తీర్పు నన్ను చెప్పమన్నారు. పిల్లలూ, అదే మీకూ చెబుతాను.

ఇంజను వెనుక ఫ్లైవీలు అనే బరువైన చక్రం ఉంటుంది. క్లచ్చి ప్లేటు స్ప్రింగు బలంతో దానికి ఒత్తుకొని ఉంటుంది. ఇంజను బలం ఈ ప్లేటు ద్వారానే గేరుబాక్సుకూ, అక్కడినుంచి చక్రాలకూ చేరుతుంది. పెడలు తొక్కితే ప్లేటు విడిపోయి, ఆ సంబంధం తెగిపోతుంది.

ఇప్పుడు తాళం తిప్పండి. 12 వోల్టుల బ్యాటరీ స్టార్టరు మోటారుకు 150 ఆంపియర్ల కరెంటు ఇచ్చిందనుకోండి. రెండింటినీ గుణిస్తే 1800 వాట్లు, అంటే రెండు గుర్రాల బలానికి పైమాటే! కారు గేరులో ఉండి, క్లచ్చి తొక్కకపోతే, ఈ బలం చక్రాలను కూడా తిప్పుతుంది. కారు ఉన్నట్టుండి దుముకుతుంది.

పూర్వం కారు ముందు నిలబడి హ్యాండిలు తిప్పేవారు. గేరు తీయడం మరచిపోతే కారు వారి మీదికే వచ్చేది. 1912లో అమెరికాలో కాడిలాక్ కార్లకు చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చారు. మనిషి సీట్లోకి చేరాడు గాని, మరపు మాత్రం పోలేదు.

మనది కొండల సీమ. మొగిలి ఘాటులోనైనా, హార్స్‌లీ కొండల మీదనైనా వాలులో కారు జారకుండా గేరులో వేసి నిలుపుతారు. అది మంచి అలవాటే. తిరిగి వచ్చాక ఆ సంగతి మరచిపోతేనే ముప్పు. ఒకసారి నేనే మరచిపోయాను. బయట నిలబడి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాను. కారు దుమికి గోడకు కొట్టుకుంది. నిమిషం ముందు వరకూ ఆ గోడకు ఆనుకొని ఒక పిల్లవాడు చెనక్కాయలు తింటూ ఉన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అయితే చిన్నవాడి మాటలోనూ సైన్సు లేకపోలేదు. క్లచ్చి తొక్కితే ఆ ఒత్తిడి క్రాంక్‌షాఫ్టును ఒక పక్కకు నెడుతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు ఆయిలు పంపు పనిచేయదు కనుక, ఆ నెట్టుడును ఆపే బేరింగు కొద్దిగా అరుగుతుంది. కాని అది రెండు మూడు సెకన్ల పని. పైగా తొక్కడం వల్ల ఒక లాభమూ ఉంది. న్యూట్రల్‌లో ఉన్నా, క్లచ్చి తొక్కకపోతే గేరుబాక్సులోని కొన్ని పళ్లచక్రాలు చిక్కని ఆయిల్లో తిరుగుతాయి. తొక్కితే స్టార్టరుకు ఆ బరువు తప్పుతుంది. చలికాలపు ఉదయాల్లో ఇది మరీ మేలు.

కనుక నా తీర్పు పెద్దాయన పక్షమే. సీట్లో కూర్చోవాలి, హ్యాండుబ్రేకు వెయ్యాలి, గేరు న్యూట్రల్‌కు తేవాలి, క్లచ్చి తొక్కాలి, ఆ తరువాతే తాళం. ఇంజను అందుకోగానే క్లచ్చి వదిలేస్తే బేరింగుకూ క్షేమం. ఈనాటి చాలా కార్లు క్లచ్చి తొక్కనిదే స్టార్టు కావు కూడా. అరిగిన బేరింగును డబ్బిచ్చి మార్చుకోవచ్చు. నలిగిన కాలిని మార్చుకోగలమా?

మీకు 18 ఏళ్లు నిండేదాకా కారు నడిపే లైసెన్సు రాదు. అందాకా ఆటకైనా తాళం తిప్పకండి. స్టార్టు చేయబోయే కారుకు ముందుగాని, వెనుకగాని నిలబడకండి. ఇంట్లో ఎవరైనా కారు నడుపుతుంటే, క్లచ్చి ఎందుకు తొక్కుతారో అడగండి. "అలవాటు" అంటే ఊరుకోకుండా, కారణం మీరే చెప్పండి.