రెండు ముక్కల తుపాకి

విప్పి పెట్టుకుని, కావలసినప్పుడు మళ్ళీ కలుపుకునే వస్తువులంటే మనిషికి ఒక మోజు. టిఫిన్ కారియరు చూడండి, మడతమంచం చూడండి, మూత వేస్తే పెట్టె, మూత తీస్తే కచేరీ అయ్యే హార్మోనియం చూడండి. పని చేసిపెట్టడం ఒక ఎత్తు. పని అయ్యాక బుద్ధిగా ముడుచుకుని ఒక మూల కూర్చోవడం ఇంకొక ఎత్తు. ఈ వారం నేను చెప్పబోయేది కూడా ఆ జాతి వస్తువే. కాకపోతే దాని పేరు వినగానే ఇల్లాళ్ళు పేజీ తిప్పేసి సీరియల్లోకి వెళ్ళిపోతారేమోనని నా భయం. తిప్పకండి. అది రైఫిలు.

మాది నంద్యాల. పెద్దలనాటి ఇల్లు ఆళ్లగడ్డ పక్కన పల్లెలో. ఈ రెండు వూళ్ళ పేర్లూ, తుపాకి అన్న మాటా ఒకే వాక్యంలో పడితే పైవూళ్ళవాళ్ళ ముఖాలు ఎలా మారతాయో నాకు తెలియనిది కాదు. సినిమాల పుణ్యమా అని, మా వైపు ప్రతి ఇంటి దూలానికీ ఒక తుపాకి వేలాడుతూ వుంటుందని నమ్మేవాళ్ళున్నారు. కక్షల రోజుల్లో మా వూళ్ళకు చెడ్డపేరు తెచ్చినవి నాటుబాంబులూ, వేటకొడవళ్ళూను. వాటికి లైసెన్సూ లేదు, లెక్కా లేదు. లెక్కగా, కాగితాలతో తుపాకి వుంచుకున్న ఇళ్ళు కొన్ని వుండేవి. వాటిలో మాదొకటి.

మా జేజినాయన దాన్ని 1931లో మద్రాసు వెళ్ళి కొన్నాడు. అప్పటికి కర్నూలు జిల్లా మద్రాసు రాజధానిలోదే కదా. అమెరికాలోని వించెస్టరు కంపెనీవారి 1906 మోడల్, .22 బోరు. బరువు అయిదు పౌన్లు, అంటే మన రెండుంబావు కిలోలు. గొట్టం కింద వున్న కట్టెను వెనక్కి లాగి ముందుకు తోస్తే ఖాళీ తూటా బయటపడి కొత్తది ఎక్కుతుంది. అసలు వింత అది కాదు. ఎడమవైపున, రూపాయి అంచులాగా గరుకు గీతలున్న మర ఒకటి వుంది. పనిముట్టు ఏదీ అక్కరలేకుండా వేళ్ళతోనే దాన్ని విప్పి లాగితే, రైఫిలు రెండు ముక్కలవుతుంది. గొట్టమూ దాని సరంజామా ఒక ముక్క. భుజానికి ఆనించే కర్ర, ట్రిగ్గరు ఇంకో ముక్క. పెద్ద ముక్క రెండడుగుల చిల్లర. బెడ్డింగులో చుట్టేస్తే లోపల తుపాకి వుందని పక్కన కూర్చున్నవాడికి కూడా తెలియదు.

ఇంగ్లీషులో ఈ రకాన్ని టేక్‌డౌన్ రైఫిళ్ళంటారు. 1890ల నుంచీ అమెరికా కంపెనీలు వీటిని పోటీపడి అమ్మాయి. రైళ్ళలో, గుర్రపు బళ్ళలో తిరిగేవాళ్ళకు నాలుగడుగుల తుపాకి పెద్ద బెడద మరి. తుపాకుల బ్రహ్మ జాన్ బ్రౌనింగు 1914లో ఒకటి తెచ్చాడు: పావుచుట్టు తిప్పితే గొట్టం వూడి చేతికి వస్తుంది. 1959లో వచ్చిన ఏ.ఆర్-7 అనే రైఫిలు ఇంకా చోద్యం. గొట్టమూ మరలూ అన్నీ దాని బోలు కర్రలోనే దూరిపోతాయి. నీళ్ళలో పడేసినా తేలుతుంది. విమానం కూలి అడవిలో చిక్కుకున్న పైలట్ల కోసం చేసిన తుపాకికి అది చెల్లెలు. 2012లో రూగరు కంపెనీ తన పేరుమోసిన .22 రైఫిలును రెండు ముక్కలుగా తయారుచేసి, వీపున తగిలించుకునే సంచితో సహా అమ్మింది. అంటే నూరేళ్ళు దాటినా ఈ మోజు తీరలేదన్నమాట.

విడదీసే రైఫిలు గురి నిలవదని పెదవి విరిచే పెద్దలున్నారు. అతుకు వున్నచోట కదలిక వుంటుంది, కదలిక వుంటే గురి తప్పుతుంది అని వారి వాదం. సగం నిజం. అతుకు అరిగితే తంటాయే. అయితే మా రైఫిల్లో ఒక కిటుకు వుంది. గురి చూసే ముందు ముల్లూ, వెనక గాడీ రెండూ గొట్టం ముక్కమీదే వున్నాయి. అందుచేత ఎన్నిసార్లు విప్పి కలిపినా చూపుకూ గొట్టానికీ వున్న పొత్తు చెడదు. ఇక అతుకు బిగువు సంగతంటారా, ఆళ్లగడ్డలో రాతిశిల్పులు పనిచేసే చోటికి పోయి కాసేపు నిలబడండి. రాయిమీద రాయి పెట్టి, వెలుగు కనబడితే మళ్ళీ తీసి చెక్కుతారు. మంచి టేక్‌డౌన్ రైఫిలు అతుకూ అంతే. కలిపి మర బిగించినప్పుడు ‘టక్’మని చిన్న చప్పుడు అవుతుంది చూడండి, ఆ చప్పుడులోనే వుంది దీని మోజంతా. పేల్చే సరదా దానికి తరువాతే.

జేజినాయనకు మాత్రం మోజు ప్రయాణంలో వుండేది. నంద్యాల నుంచి గాజులపల్లె, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు పోయే రైలు ఆ రోజుల్లో మీటరుగేజి. నల్లమల నడుమనుంచి పోయేది. బెంగుళూరు వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ (1910–1974) రాసిన పులికథల్లో ఈ రైలుదారి స్టేషన్లు కనిపిస్తాయి. ఆయన చేతిలో వుండే .405 వించెస్టరు పులిని పడగొట్టే రకం. ఆ 1895 మోడల్‌ను కూడా కంపెనీ విడదీసే వీలుతో అమ్మింది. మా .22కు అంత గొప్ప లేదు. కౌజులు, కుందేళ్ళు, అంతకు మించి దాని శక్తి పోదు. జేజినాయన రుద్రవరం వైపు అడవి అంచుకు పోయి, చాలాసార్లు వుత్తచేతులతోనే వచ్చేవాడని అవ్వ చెప్పేది. “తుపాకంటే ఇంట్లో కూర్చున్న అల్లుని మాదిరిరా. దినామూ మర్యాద చేయాల, ఏనాడూ పని చెప్పగూడదు,” అనేవాడాయన నవ్వుతూ.

ఆ మాట 1972లో చట్టమే అయింది. వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక పులి సంగతి దేవుడెరుగు, కుందేలును కొట్టినా నేరమే. పొలంలో పడి వేరుశనగ తవ్విపోసే అడవిపందిని కూడా అధికారుల అనుమతి లేకుండా కాల్చకూడదు. నల్లమలలో చాలాభాగం ఇప్పుడు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. ఇది మంచికే జరిగిందని నా అభిప్రాయం. అడవి అంచున పులి అడుగుజాడ చూసి వచ్చిన రోజున కలిగే సంతోషం, గోడకు తగిలించిన చర్మం చూస్తే కలగదు.

మరి ఆ రైఫిలుతో ఇప్పుడు ఏం చేస్తారు? కాగితాన్ని కొడతారు. నవ్వకండి. కాలేజీలో ఎన్.సి.సి. చేసినవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ వుంటారు, అడగండి. నేలమీద బోర్లా పడుకుని, .22 రైఫిలుతో అయిదు గుండ్లు కాల్చి, అయిదూ ఒక్క రూపాయి బిళ్ళ కింద దాగేలా పడ్డాయో లేదో చూసుకోవడం ఎంత కష్టమో వాళ్ళే చెబుతారు. శ్వాస సగం వదిలి ఆపాలి. ట్రిగ్గరును లాగకూడదు, పిండాలి. ఎప్పుడు పేలిందో మనకే తెలియకుండా పేలాలి. మనసులో వేరే ఆలోచన వుంటే కాగితం చెప్పేస్తుంది. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో 10 మీటర్ల ఎయిర్ రైఫిలులో కంచు పతకం తెచ్చింది ఈ నిగ్రహంతోనే. నేను ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రం రేంజికి వెళ్ళి పాతిక గుండ్లు కాలుస్తాను. రేంజి తప్ప వేరేచోట కాల్చను. ఇంత చిన్న .22 గుండు కూడా అడ్డులేకపోతే మైలు దాటి పోగలదు మరి.

ఇక చట్టం. చాలామంది అనుకుంటారు, తుపాకిని విడదీస్తే అది తుపాకి కాదని. 1959 ఆయుధాల చట్టం అలా అనుకోదు. ఆయుధం విడిభాగం కూడా ఆయుధమే. అటకమీద వుత్త గొట్టం ఒకటే పడివున్నా కాగితం వుండవలసిందే. కంపెనీ చేసిన టేక్‌డౌన్ రైఫిలు వేరు, మామూలు తుపాకి గొట్టాన్ని రంపంతో కోసి పొట్టి చేయడం వేరు, రెండోది నేరం. 2019 సవరణ తరువాత మనిషికి మూడు తుపాకుల హక్కు రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సు మీదే రాసి వుంటుంది. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు మాకు పొరుగు రాష్ట్రం కనుక, అది చూసుకోనిదే పెట్టె కదపరాదు.

ఎన్నికలు వస్తే తుపాకిని పోలీసు స్టేషనులో అప్పగించి రావాలి. 2024లో నేను పెట్టె తెరిచి బల్లమీద పెట్టేసరికి అక్కడి కుర్ర కానిస్టేబులు జాలిగా చూశాడు.

“విరిగిపోయిందా సార్?”

“విరగలేదు నాయనా, విడిపోయింది.”

“మరి రిజిస్టరులో ఒకటని రాయాల్నా, రెండని రాయాల్నా?”

రెండు ముక్కల మీదా ఒకే నెంబరు చెక్కివుంది, అది చూపించాను. అతను కాసేపు ఆలోచించి ‘రైఫిలు ఒకటి, ముక్కలు రెండు’ అని రాసి రశీదు ఇచ్చాడు. ఇంతకంటే చక్కగా దాన్ని వర్ణించినవాళ్ళు లేరు.

ఈ యేడు లైసెన్సు గడువు తీరుతోంది. మా ఇంట్లో పెద్ద చర్చ నడిచింది. మా అమ్మాయి ఎన్.సి.సి. చేసిన పిల్ల, ముత్తాత వస్తువు, వుండాలంటుంది. మా ఆవిడ ఇచ్చేద్దామంటుంది. ఆవిడ వాదం కొట్టిపారేసేది కాదు.

“పులులు లేవు, దొంగలు రారు. ఇక ఆ తుపాకి ఎవరికోసమండీ? ఇంట్లో కోపం వున్నంతకాలం తుపాకి వుండగూడదు.”

నేను నా రైఫిలు తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. తక్కిన తుపాకులు గోడమీదనుంచి నేరుగా చేతిలోకి వస్తాయి. దీన్ని పెట్టెలోంచి తీయాలి, ముక్కలు కలపాలి, మర బిగించాలి, వేరేచోట వున్న తూటాలు తెచ్చి ఎక్కించాలి. కోపానికి అంత ఓపిక వుండదు. ఆ రెండు ముక్కల మధ్య వున్న జాగా మనిషికి బుద్ధి వచ్చేందుకు వదిలిన జాగా అన్నాను. మా సీమలో ఒక్క నిమిషం ఆగివుంటే నిలిచేవుండే ఇళ్ళు ఎన్నో అని కూడా అన్నాను.

“నిమిషం చాలదు. మీకు కోపం తగ్గాలంటే రెండుసార్లు కాఫీ ఇయ్యాల,” అంది ఆవిడ.

ఆమె మాటలో సత్యం వుంది. తుపాకినీ, తూటాలనూ విడివిడిగా తాళం వేసి వుంచే ఇళ్ళలో పిల్లల ప్రమాదాలూ, ఆత్మహత్యలూ తక్కువని అమెరికాలో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కాపాడేది మర కాదు, తాళమూ, ఆలస్యమూను. చివరకు బ్యాంకు లాకరు పద్ధతి మాకు దారి చూపింది. నా బీరువాకు రెండు తాళాలు వేయించాం. ఒక చెవి నా దగ్గర, ఒకటి ఆవిడ దగ్గర. తూటాలు వేరే పెట్టెలో, వేరే గదిలో. ఇప్పుడు ఆ రెండు ముక్కలూ కలవాలంటే ముందు మేమిద్దరం కలవాలి. దంపతులు ఏకాభిప్రాయానికి రావడానికి ఎంతసేపు పడుతుందో వివాహమైన పాఠకులకు వేరే చెప్పాలా? ఆ షరతు మీద, మరో అయిదేళ్ళకు దరఖాస్తు పెట్టాను.

మీలో ఎవరి ఇంట్లోనైనా తాతగారి తుపాకి అటకమీద గుడ్డ చుట్టుకుని వుంటే ఒక్క మాట. లైసెన్సుదారు పోయాక వారసుడి పేరిట కాగితం లేకుండా దాన్ని వుంచుకోవడం చట్టానికి విరుద్ధం. దగ్గరి పోలీసు స్టేషనులోగానీ, లైసెన్సు వున్న తుపాకుల దుకాణంలోగానీ అప్పగించి రశీదు తీసుకోండి. ఆ తరువాత ఇంటిల్లిపాదీ కూర్చుని, దాన్ని వుంచుకోవాలో వద్దో తీరిగ్గా మాట్లాడుకోండి. వుంచుకునేట్లయితే, రెండో తాళంచెవి ఎవరి దగ్గర వుండాలో ముందే తేల్చుకోండి.