పాత హైబ్రిడ్ కారు: మరమ్మత్తు జాయజే, ఐబ్ దాచడం కాదు



ఈసారి ఒక కారు గురించి రాస్తున్నాను. మొదలు కారుతోనే అయినా మాట కారు దగ్గర ఆగదు. కాస్త ఓపిగ్గా చదవండి.

మా ఛోటా భాయ్ గల్ఫ్‌లో పదకొండేళ్లు కార్ల ఏసీలు, వైరింగు పని చేసి ముండ్లమూరు తిరిగి వచ్చాడు. తెచ్చుకున్న కమాయిలో కొంత పెట్టి హైదరాబాద్‌లో ఒక పాత హైబ్రిడ్ కారు కొన్నాడు. బండి పదేళ్లు దాటింది. డాష్‌బోర్డు మీద ఎర్ర త్రికోణం వెలుగుతోంది కాబట్టి చవగ్గా వచ్చింది. కొత్త పెద్ద బ్యాటరీ ఖరీదు విన్నాక మా అమ్మీ "ఇత్తే పైసోఁ మే దూస్రీ గాడీ ఆతీ నా బేటా" అంది. ఆ డబ్బుతో ఇంకో బండే వస్తుంది కదా అని. వాడు నవ్వి, "అమ్మీ, నేనే విప్పుతా" అన్నాడు.

ఇలాంటి బండ్లు ఇప్పుడు మన చేతులకు వస్తున్నాయి. జపాన్‌లో 1997 డిసెంబరులో టయోటా ప్రియస్ వచ్చింది. మన దేశంలో హోండా సివిక్ హైబ్రిడ్ 2008లో, ప్రియస్ 2010లో, క్యామ్రీ హైబ్రిడ్ 2013లో వచ్చాయి. అప్పుడు అమీర్లు కొన్నవి ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మనలాంటి వాళ్ల ఇళ్ల ముందుకు వస్తున్నాయి. అద్దంకి, దర్శి, పొదిలి, మార్కాపురం ఎక్కడ చూసినా మెకానిక్ షెడ్డులో, బ్యాటరీ దుకాణంలో, వెల్డింగ్ షాపులో మన పిల్లలు చాలామంది ఉంటారు. కాబట్టి ఈ బండ్ల మరమ్మత్తు కూడా మన గల్లీకే వస్తుంది. అసలు మరమ్మత్తు అనే మాటే మన ఉర్దూ నుంచి తెలుగుకు అందింది.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. సొంతంగా బండి బాగు చేసుకోవడం మంచి హునర్. షోరూమ్ వాడు చెప్పిన ధరకు తల వంచాలని ఎక్కడా లేదు. కానీ ఈ పనికి రెండు హద్దులున్నాయి. ఒకటి జాన్ హద్దు, రెండోది ఈమాన్ హద్దు.

జాన్ సంగతి ముందు చూద్దాం. ఇంట్లో ఎవరైనా చేసుకోగల పనులు బోలెడున్నాయి. హైబ్రిడ్‌లో పెద్ద బ్యాటరీ కాక మామూలు పన్నెండు వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. అది నీరసిస్తే బండి "రెడీ" అనదు. చాలామంది పెద్ద బ్యాటరీయే పోయిందని హడలిపోయి, ఇల్లు తాకట్టు పెట్టే లెక్కలు వేస్తారు. ముందు ఒక మల్టీమీటరు పెట్టి చిన్నదాన్ని చూడండి. అది డిక్కీలో ఉండే రకమైతే, గ్యాస్ బయటికి పోయే గొట్టం ఉన్న బ్యాటరీనే వేయించండి.

పెద్ద బ్యాటరీకి దుష్మన్ వేడి. చాలా బండ్లలో దాన్ని చల్లబరిచే గాలి వెనక సీటు దగ్గరున్న జాలి గుండా పోతుంది. మన పడమటి ప్రకాశం ఎండలూ, దుమ్మూ మీకు చెప్పాలా? ఆ జాలి మీద సంచులు, దుప్పట్లు వేయకండి. దాని వెనకున్న ఫ్యాను, ఫిల్టరు శుభ్రం చేసుకోండి. మా వాడు విప్పితే ఫ్యాను రెక్కల మీద దుమ్ము తివాచీలా పేరుకుని ఉంది. పైసా ఖర్చు లేని ఈ పని బ్యాటరీకి ఆయువు పోస్తుంది. ఓబీడీ పరికరం ఒకటి కొని ఫోనుకు కలిపితే, బ్యాటరీలో ఏ బ్లాకు నీరసంగా ఉందో కూడా కనిపిస్తుంది.

నారింజ రంగు తీగలు కనిపించాయంటే అక్కడ ఆగాలి. రెండో తరం ప్రియస్ లెక్క చూడండి. 7.2 వోల్టుల మాడ్యూళ్లు 28 ఒక గొలుసులా కలిపితే 201.6 వోల్టులు. అది డీసీ కరెంటు.  సర్వీసు ప్లగ్ తీసినా ఇన్వర్టరులోని కెపాసిటర్లలో చార్జి ఉంటుంది. పది నిమిషాలు ఆగి, వెయ్యి వోల్టులకు సరిపడే గ్లవ్స్ వేసుకుని, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ప్లగ్ తీసినా బ్యాటరీ లోపల మాడ్యూళ్లలో కరెంటు అలాగే ఉంటుంది. వంటింటి రబ్బరు గ్లవ్స్‌తో ఈ పని చేసేవాడు తన బీవీ బచ్చాల హక్కుతో జూదం ఆడుతున్నట్టే.

ఏసీ మెకానిక్ భాయీలకు ఇంకో మాట. చాలా హైబ్రిడ్లలో ఏసీ కంప్రెసరు బెల్టుతో కాదు, ఈ పెద్ద కరెంటుతోనే తిరుగుతుంది. అందులో మామూలు పీఏజీ ఆయిల్ పోస్తే ఇన్సులేషన్ దెబ్బతిని కరెంటు లీకవుతుంది. దానికి వేరే ఆయిల్ ఉంది. గల్ఫ్‌లో నేర్చుకున్న ఈ ముక్కే మా వాడి దగ్గర నాకు బాగా నచ్చింది. తెలియని చోట చేతులు కట్టుకోవడం కూడా ఉస్తాదీలో భాగమే.

అప్‌గ్రేడ్ల షౌక్ ఉన్నవాళ్లు ఇది కూడా వినండి. 2008 జూన్‌లో అమెరికాలోని సౌత్ కరోలినాలో ఒక ప్రియస్ రోడ్డు మీద కాలిపోయింది. దానికి ఎక్స్‌ట్రా బ్యాటరీ పెట్టి, ఇంటి ప్లగ్‌లో చార్జి అయ్యేలా మార్చారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే, బ్యాటరీ కనెక్షన్ల బోల్టులు సరిగ్గా బిగించలేదు. వదులు జాయింటు వేడెక్కింది, వేడి మంటయింది. అదీ నిపుణులు చేసిన బండే! చెట్టు కింద అందాజాగా స్పానర్ తిప్పేవాళ్లం మనమెంత? టార్క్ రెంచి లేకుండా ఆ నట్ల జోలికి పోకండి.

కానూన్ కూడా తెలుసుకోవాలి. పాడైన భాగం తీసి అదే రకం వేయడం ఒకటి, బండి స్వరూపమే మార్చడం ఇంకొకటి. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల జుర్మానా, లేదా ఆరు నెలల వరకు ఖైదు, లేదా రెండూ. ఆమోదం పొందిన కిట్ వేయించి ఆర్‌సీలో రాయించుకోవడం వేరు, వీడియో చూసి లిథియం సెల్స్ దూర్చడం వేరు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడు మొదట అడిగేది అదే.

ఇక ఈమాన్ హద్దు. నేను ఈ మజ్మూన్ రాయడానికి అసలు కారణం ఇదే.

మా వాడు జాగ్రత్తగానే చేశాడు. రెండు మాడ్యూళ్లు చచ్చిపోయాయి. పాత బండిలోంచి తీసిన రెండు తెప్పించి వేశాడు, రాగి పట్టీల తుప్పు తుడిచాడు, స్కానరుతో కోడ్ తుడిచేశాడు. ఎర్ర త్రికోణం మాయం. బండి పిల్లిలా చప్పుడు లేకుండా నడిచింది. ఇంట్లో అందరం సేమియా చేసుకుని తిన్నాం.

నెల తర్వాత బేరం వచ్చింది. ఒక బడి మాస్టారు, భార్య, ఇద్దరు చిన్న పిల్లలు. మాస్టారు "బ్యాటరీ ఎలా ఉంది బాబూ?" అని అడిగాడు. మా వాడు "ఫస్ట్ క్లాస్ సార్" అన్నాడు. నేను వాణ్ణి పక్కకు పిలిచాను.

"చెప్పరా, విప్పి వేశామని."

"చెబితే పోతాడు భాయ్‌జాన్. ఇప్పుడు బాగానే ఉంది కదా, ఝూట్ ఏముంది అందులో?"

ఇదే సవాల్. ఇప్పుడు బాగున్నది రేపు ఉంటుందా? పాత దుప్పటికి ఒకచోట అతుకు వేస్తే పక్కచోట చిరుగుతుంది. ఈ గొలుసూ అంతే. మిగిలిన మాడ్యూళ్లన్నీ అవే ఎండలు తిన్నాయి, అదే వయసువి. ఈ సంగతి మాస్టారుకు తెలియదు, మా వాడికి తెలుసు. తెలిసినవాడు తెలియనివాడి దగ్గర ఐబ్ దాచి పైసలు తీసుకుంటే ఆ సౌదాలో బర్కత్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మరమ్మత్తు హలాల్. కోడ్ తుడిచి మౌనంగా ఉండటం ధోఖా. తుడిచింది డాష్‌బోర్డు మీది దీపాన్నే, లోపలి జబ్బును కాదు.

వాడు ముఖం మాడ్చుకునే వెళ్లి చెప్పాడు. మాస్టారు థ్యాంక్స్ చెప్పి, బండి కొనకుండా వెళ్లిపోయాడు. వాడు నాతో పది రోజులు మాట్లాడలేదు. వాడిది కూడా పూర్తిగా తప్పనను. పదకొండేళ్ల చెమట ఆ బండిలో ఇరుక్కుంది. నీతి చెప్పిన నేను ఆ నుక్సాన్‌లో ఒక్క రూపాయి పంచుకోలేదు. ఆ సిగ్గు నాకుంది.

మే నెలలో ఇంటిల్లిపాదీ అదే బండిలో కర్నూలు నికాహ్‌కు బయలుదేరాం. దోర్నాల దాటాక నల్లమలలో, ఆత్మకూరు దారిలో, ఎర్ర త్రికోణం మళ్లీ వెలిగింది. ఏసీ ఆగింది, బండి నడక స్పీడుకు పడింది. ఫోనుకు సిగ్నల్ లేదు. అమ్మీ తస్బీహ్ తీసింది. రోడ్డు పక్కన ఆపుకుని, పిల్లలకు విసనకర్ర విసురుతూ లారీ కోసం చూస్తూ కూర్చున్నాం. అప్పుడు మా వాడు మెల్లగా అన్నాడు, "ఆ మాస్టారు పిల్లలు వీళ్లకంటే చిన్నవాళ్లు భాయ్‌జాన్."

నేనేమీ అనలేదు.

షెడ్డు నడిపే భాయీలకు నా గుజారిష్ ఇది. ఏ మాడ్యూలు ఎప్పుడు మార్చారో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి గిరాకీకి ఇవ్వండి. అతుకు వేశామా, మొత్తం మార్చామా సాఫ్‌గా చెప్పండి. ఈరోజు ఒక బేరం పోవచ్చు, కానీ "సాయిబు షెడ్డులో అబద్ధం ఉండదు" అన్న పేరు పదేళ్లు అన్నం పెడుతుంది. పిల్లల్ని వీడియోల మీద వదిలేయకండి. ఐటీఐలో మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికల్ ట్రేడు ఉంది, చేర్పించండి. రేపటి బండ్లన్నీ ఈ నారింజ తీగలవే.

మా బండి ఇప్పుడు మొత్తం కొత్త ప్యాక్‌తో నడుస్తోంది. ఈసారి ఖర్చులో సగం నేను పెట్టాను. అమ్మాలనుకున్నప్పుడు ఆ బిల్లు, పాత మరమ్మత్తు కాగితం రెండూ కొనేవాడి చేతిలో పెడతాడట. నేను అడగలేదు, వాడే అన్నాడు.

అల్లాహ్ మన చేతి పనిలో హునర్‌నూ, నోటి మాటలో సచ్చాయీనీ ఇవ్వాలని దువా చేస్తూ, ఖుదా హాఫిజ్.