చేపలతొట్టి నీటికి పులుపు



గత వేసవిలో మా ఇంటి గాజుతొట్టిలోని చిన్న చేపలు రెండు దినములలో నాలుగు చనిపోయినవి. తప్పు మాదే. అది మఱియొక యింట జరుగకుండుటకై ఈ మాసము ఈ సంగతి వ్రాయుచున్నాము.

ఆ చేపలకు కార్డినల్ టెట్రాలని పేరు. వాని పుట్టిల్లు దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో నది. అడవి ఆకులు నానుటచే ఆ నీరు టీ డికాషనువలె నల్లబడి పులుపెక్కి యుండును. మాదో పల్నాటి సున్నపురాతి నేల. మా బోరునీట పప్పు త్వరగా ఉడకదు, సబ్బు నురుగు రాదు, నీరు కాచిన గిన్నెకు తెల్లని పొర కట్టును. మా వారు బడినుండి తెచ్చిన పరీక్షకాగితమును ముంచి చూడగా పి.హెచ్. 8 అని తేలినది. ఈ కొలతను 1909లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పఱచెను. 7 సమము, అంతకు తగ్గిన ఆమ్లము, హెచ్చిన క్షారము. ఒక్క అంకె తగ్గుట యనగా పులుపు పదిరెట్లగుట. రెండంకెలకు నూఱు రెట్లు.

ఇది గ్రహింపక మేము తొట్టిలో నిమ్మకాయ పిండితిమి. సాయంకాలమునకు కాగితము 6 చూపినది, సంతోషించితిమి. మఱునాటి యుదయమునకు తిరిగి 8కి చేరువాయెను. మరల పిండితిమి. ఆ యెగుడుదిగుడులకు చేపలు తాళలేకపోయినవి. మా చిన్నవాడు వానిని జామచెట్టు మొదట పూడ్చి ఆ పూట అన్నము ముట్టలేదు.

సున్నపురాతి ముక్కపై నిమ్మరసపు చుక్క వేసి చూడుడు, బుసబుస పొంగును. పులుపును సున్నము మ్రింగుచున్నది. ఇట్టి నీట కరగియున్న కార్బనేటులును అట్లే చేయును. అప్పుడు పుట్టిన బొగ్గుపులుసు వాయువు కొంతసేపు నీట నిలిచి పులుపు చూపును. అది గాలిలో కలియగానే పి.హెచ్. మరల పైకెక్కును. కావున పులుపు చేర్చుటకంటె ముందు కార్బనేటులను తగ్గింపవలయును.

మొదట, తొట్టిలోని రాళ్లను, గవ్వలను వెలుపలికి తీసి ఒక్కొక్కదానిపై నిమ్మరసము వేసి చూడుడు. పొంగినవానిని తిరిగి తొట్టిలో వేయరాదు.

రెండవది వాననీరు. ఇందు లవణములు మిక్కిలి తక్కువ. తొలివాన కప్పును కడిగిపోయిన పిదప శుభ్రమైన పాత్రలో పట్టవలయును. వారమునకొకసారి తొట్టినీటిలో పదవవంతు తీసి అంత వాననీరు మెల్లగా పోయుడు. ఎండకు ఇంకిన నీటికి బదులును వాననీరే పోయుడు. బోరునీరు పోసినకొలది సున్నము పేరుకొనును. అయితే తొట్టినంతయు వాననీటితో నింపరాదు. కార్బనేటులు బొత్తిగా లేని నీరు పులియుటకు హద్దుండదు.

మూడవది బాదమాకు. పరమాన్నములో వేయు బాదముపప్పు చెట్టు కాదు. మన వీధులలో గొడుగువలె పరచుకొను చెట్టు. పండి రాలి ఎండిన ఆకును, మందు చల్లని చోట ఏరి, కడిగి, నలుబది లీటర్లకు ఒకటి రెండు చొప్పున వేయుడు. నీరు లేత గోధుమరంగు తిరుగును, భయము లేదు. నెల తిరుగకమునుపే క్రొత్త యాకు మార్చుడు. కాని గట్టినీట ఆకొక్కటే వేసిన రంగు వచ్చును గాని పులుపు రాదు. వాననీరు ముందు, ఆకు వెనుక.

మేము తొలకరినుండి ఇట్లు చేయగా కార్తికమునకు కాగితము 7 చూపినది. మిగిలిన ఆఱు చేపలును నేటికిని ఈదుచున్నవి.

ఇంత శ్రమకు ఓపిక లేనివారు గప్పీలను, మోలీలను పెంచుకొనుడు. వానికి గట్టినీరే హితము. ముందు నీటిని పరీక్షింపుడు, పిదప చేపలను కొనుడు. ఈ వరుసను తప్పియే మేము నాలుగు ప్రాణములు పోగొట్టుకొంటిమి.