పద్యానికి పీఠం, పన్ను కాగితానికి పోరాటం

2021 జనగణన ప్రకారం వేల్స్‌లో వెల్ష్ మాట్లాడగలవారు 5 లక్షల 38 వేల మంది. ఒక్క విజయవాడలోనే అంతకన్నా ఎక్కువమంది తెలుగువాళ్లున్నారు. అయినా కవిని ఎలా గౌరవించాలో, భాషను నిత్యవ్యవహారంలో ఎలా నిలబెట్టుకోవాలో ఆ కొద్దిమంది నుంచి మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

అక్కడ ఏటా ఆగస్టు మొదట్లో ఐస్తెద్‌వోద్ అనే జాతీయ ఉత్సవం జరుగుతుంది. ఒక ఏడు ఉత్తరాన, మరో ఏడు దక్షిణాన. పద్యపోటీకి కవులు మారుపేర్లతో రచనలు పంపుతారు. నిర్ణేతలు గెలిచిన మారుపేరు చదవగానే బాకా మోగుతుంది, జనం మధ్యలో ఎక్కడో ఒకరు లేచి నిలబడతారు. ఆ కవి ఎవరో సభకు తెలిసేది అప్పుడే. వేదిక మీద పెద్ద కత్తిని ఒరలోంచి సగం లాగి, శాంతి ఉందా అని మూడుసార్లు అడుగుతారు. ఉందని సభ మూడుసార్లూ బదులిచ్చాకే కవి పీఠం మీద కూర్చోవాలి. ఆ పీఠం ఆ ఏటికోసం కొత్తగా చేయించినది; కవి ఇంటికి పట్టుకుపోతాడు. తగిన పద్యం రాని ఏడు ఎవరికీ ఇవ్వరు. 1917లో గెలిచిన హెద్ విన్ అనే గొర్రెలకాపరి అప్పటికే యుద్ధంలో చనిపోయాడు. ఆ పీఠానికి నల్లగుడ్డ కప్పి అతని ఇంటికి పంపారు.

పీఠం ఛందోబద్ధమైన పద్యానికి. స్వేచ్ఛాఛందానికి అదే వారంలో, అదే వేదిక మీద, కిరీటం పెడతారు. పద్యమా వచన కవితా అని మనం ఏళ్లతరబడి జుట్లు పట్టుకున్నాం. వాళ్లు రెండింటికీ లేచి నిలబడతారు, అందుకు నాకు వాళ్లంటే ఎంతో ఇష్టం.

వాళ్ల ఛందస్సులోని ఒక ముఖ్యమైన పద్ధతి ప్రకారం, పాదంలోని ఒక భాగంలో వచ్చిన హల్లులు రెండో భాగంలో అదే వరుసలో తిరిగి రావాలి. యతిప్రాసలు తెలిసినవాడికి ఆ కష్టం చెప్పనక్కర్లేదు. ఇక రేడియోలో 1979 నుంచి ఒక పోటీ నడుస్తోంది. కవులు ఊరిపేరుతో జట్లుగా వస్తారు, ఒక పాదమిచ్చి అది కలిసేలా పద్యం చెప్పమంటారు, నిర్ణేత పదికి ఇన్ని అని మార్కులేస్తాడు. మన సమస్యాపూరణానికి అది దూరపు చుట్టమేమీ కాదు, దాదాపు తోబుట్టువే.

అయితే వెల్ష్‌ను ఇంతదాకా తెచ్చింది పద్యమొక్కటే అనుకుంటే పొరపాటు. ఐలీన్, ట్రెవర్ బీస్లీ అనే దంపతుల సంగతి తెలియకపోతే ఈ కథ సగమే తెలిసినట్టు. ఆయన బొగ్గుగని కార్మికుడు, ఆవిడ ఉపాధ్యాయిని. కాపురం లాన్‌గెనెక్ అనే ఊళ్లో. ఆ చుట్టుపక్కల అత్యధికులు వెల్ష్ మాట్లాడేవాళ్లే, పన్ను వసూలు చేసే కౌన్సిల్లోనూ అంతే. కాగితం మాత్రం ఇంగ్లీషులో వచ్చేది. 1952లో ఆ దంపతులు వెల్ష్‌లో ఇస్తేనే పన్ను కడతామన్నారు. కోర్టు మెట్లు మళ్లీ మళ్లీ ఎక్కాల్సి వచ్చింది. అమీనాలు వచ్చి ఇంట్లో సామాను జప్తు చేసి మోసుకుపోయారు, అదీ ఒక్కసారి కాదు. పిల్లల తల్లిదండ్రులు, చాలీచాలని జీతాలు. అయినా దిగిరాలేదు. ఎనిమిదేళ్లకు, 1960లో, రెండు భాషల్లో ముద్రించిన నోటీసు వాళ్ల గుమ్మంలోకి వచ్చింది.

1962 ఫిబ్రవరిలో నాటకకర్త, కవి సాండర్స్ లూయిస్ రేడియోలో ప్రసంగిస్తూ ఈ దంపతులనే ఆదర్శంగా చూపించాడు. ఇలాగే సాగితే కొత్త శతాబ్ది మొదట్లో వెల్ష్ జీవద్భాషగా మిగలదని హెచ్చరించాడు. ఆఫీసుల్లో, కోర్టుల్లో వెల్ష్ లేకుండా పాలన సాగకుండా చేయండి అన్నది ఆయన పిలుపు. మరుసటేడు అబెరిస్టువిత్‌లో విద్యార్థులు వెల్ష్‌లో కోర్టు సమన్లు కావాలని వంతెన మీద బైఠాయించారు. ఇంగ్లీషు రోడ్డుబోర్డుల మీద రంగు పూసి జైలుకెళ్లినవాళ్లలో గాయకుడు దవిద్ ఇవాన్ ఒకడు. 1982లో వెల్ష్ టీవీ ఛానెల్ వచ్చింది, 1993లో, 2011లో చట్టాలు వచ్చాయి. ఇంత చేసినా లెక్క తగ్గింది: 2011లో 5 లక్షల 62 వేలు, 2021లో 5 లక్షల 38 వేలు. వాళ్లు గెలిచారని నేను అనను. పోరు మానలేదని మాత్రం అంటాను.

2011 జనగణనలో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లం 8 కోట్లు దాటాం. అవధానులున్నారు, ప్రపంచ తెలుగు మహాసభలు జరుపుకున్నాం, ఆగస్టు 29న గిడుగును, సెప్టెంబరు 9న కాళోజీని తలుచుకుంటున్నాం. కవిని సత్కరించడంలో మనం ఎవరికీ తీసిపోం. అధికార భాషా చట్టం 1966లోనే తెచ్చుకున్నాం, 1967 నాటి వెల్ష్‌వాళ్ల మొదటి భాషాచట్టం కన్నా ఒక ఏడాది ముందే. మనకు కరువైంది బీస్లీ దంపతుల్లాంటివాళ్లు. పద్యం వినడానికి వచ్చినవాళ్లు మర్నాడు ఆఫీసు కిటికీ దగ్గర ఇంగ్లీషు ఫారం అందుకుని, అర్థం కాని చోట సంతకం పెట్టి వస్తున్నారు. సభలో చప్పట్లు కొట్టిన చేతులే అవి. ఆ పద్యానికి రేపటి పాఠకుడు ఎక్కడినుంచి వస్తాడు?

అమీనాలు మన ఇంటికి రారు, చట్టం మన పక్షానే ఉంది. మీకు వచ్చే నోటీసు ఇంగ్లీషులో మాత్రమే ఉంటే, తెలుగులో ఇవ్వమని తెలుగులోనే ఒక అర్జీ రాయండి. జవాబు వచ్చేదాకా మళ్లీ రాయండి.