కరెంటు కాటు – ఎముకకు చేటు

“వేలిమీద శనగబద్దంత మచ్చే కదా డాక్టరుగారూ!” అంటారు, కరెంటు షాకు తగిలినవారు. వారికి నేను చెప్పేది ఒకటే: పైమచ్చతో లోపలి నష్టాన్ని కొలవకండి.

చర్మం దాటి లోపలికి వెళ్లిన విద్యుత్తును ఎక్కువగా అడ్డేది ఎముక. అడ్డినచోట వేడి పుడుతుంది. అందుచేత పైకి బాగానే కనిపించినా, ఎముకనంటిన కండ లోలోపల ఉడికిపోయి ఉండవచ్చు.

మన ఇళ్లలోని 230 వోల్టులకే కండరాలు ఒక్కసారిగా బిగిసి, మనిషి కింద పడకపోయినా భుజం కీలు వెనక్కు తొలగవచ్చు, ఎముకా విరగవచ్చు. చెయ్యి బయటివైపుకు తిరగకపోవడం ఈ తొలగుడుకు గుర్తు. ఎదురుగా తీసిన ఎక్సురేలో ఇది ఒక్కొక్కప్పుడు దొరకదు. పక్కనుంచి కూడా తీయించాలి. బెణుకేనని తైలం రాసి ఊరుకోకండి.

పెద్దలైను తగిలినవారికి మొదటిరోజు ఎక్సురేలో ఎముక నిక్షేపంగా కనబడవచ్చు. ఎముక పలచబడడం, కొంత భాగం చచ్చిపోవడం, కీలు సందు ఇరుకవడం, కీలుచుట్టూ కొత్త ఎముక పెరగడం – ఇవన్నీ వారాలు, నెలలు గడిచాక బయటపడతాయి. కనుక మొదటిది బాగుందని రెండవ ఎక్సురే మానకండి.

అన్నిటికంటె ముందుమాట: మెయిన్ స్విచ్ కట్టేశాకే షాకు తగిలిన మనిషిని ముట్టుకోండి.